తల్లి సెంట్రియోల్స్ ఏమవుతాయి?

ప్రశ్న: గోధుమ శైవలం స్కైటోసైఫాన్‌లో ఆడ, మగ బీజకణాలు రెండూ ఈదేవే. రెండింటికీ కశాభాల (ఈదే కొరడాల్లాంటి పోగుల) మొదట్లో సెంట్రియోల్స్ ఉంటాయి, అంటే కణ విభజనలోనూ పాలుపంచుకునే చిన్న గొట్టాల్లాంటి నిర్మాణాలు. ఆ బీజకణాలు కలిశాక సంయుక్తబీజంలో (జైగోట్‌లో) సెంట్రియోల్స్ రెండు జతలు ఉండాలి కదా?

జవాబు: ఉంటాయి, కానీ కొద్ది గంటలే. తల్లి జత క్రమంగా కరిగిపోతుంది, తండ్రి జతే మిగులుతుంది. హొక్కైడో విశ్వవిద్యాలయంలో తైజో మొతొమురా, చికాకో నాగసాతో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దీన్ని చూశారు. ఆడ బీజకణం ఫలదీకరణ లేకుండా ఒంటరిగా మొలకెత్తితే మాత్రం దాని సెంట్రియోల్స్ పోవు, వాటితోనే విభజన సాగుతుంది. ఈ సంగతిలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఇదే: కలయిక జరిగితేనే తల్లి జతకు చెల్లు.

ప్రశ్న: ల్యాబ్‌లో మరో గోధుమ శైవలం ఫ్యూకస్ సంయుక్తబీజాలు చాలావరకు రెండుగా కాక, మూడు నాలుగు ముక్కలుగా అడ్డదిడ్డంగా చీలి చస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ఒక అండంలోకి ఒకటికి మించి శుక్రకణాలు దూరినట్లున్నాయి. ఫ్యూకస్‌లోనూ సెంట్రియోల్స్ తండ్రివే. శుక్రకణం అదనంగా వస్తే మరో జత వస్తుంది, విభజనలో క్రోమోసోమ్‌లను పంచే కండెకు (స్పిండిల్‌కు) రెండుకు మించి ధ్రువాలు ఏర్పడతాయి, క్రోమోసోమ్‌లు సమంగా పంపకం కావు. అడ్డుగోడ ఎక్కడ పడాలో తేల్చేవీ సెంట్రోసోమ్‌లే (సెంట్రియోల్స్ ఉండే కేంద్రాలు), అందుకే గోడలూ చెదురుతాయి.

ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండే ఫ్యూకస్ వెసిక్యులోసస్ తీసుకోండి. పండిన మగ రిసెప్టకిల్ (బీజకణాలు తయారయ్యే ఉబ్బిన కొన) కోస్తే నారింజ రంగు, ఆడది ఆలివ్ ఆకుపచ్చ. విడివిడిగా కడిగి, తడి అద్ది, రాత్రంతా చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, పొద్దున 10–15 డిగ్రీల వడకట్టిన సముద్రపు నీటిలో వేయండి. ఒక్కో అండాశయం నుంచి 8 అండాలు, ఒక్కో శుక్రాశయం నుంచి 64 శుక్రకణాలు వస్తాయి కాబట్టి అండాలకు మగ ద్రవం కొద్దిగా కలిపితే చాలు. అరగంటకల్లా అండాలు అడుగుకు దిగనిచ్చి, పైనీరు వంపి, రెండు మూడుసార్లు నీరు మార్చండి.

నీటిలో మంచినీళ్లు కలిపారేమో చూసుకోండి. రెండో శుక్రకణాన్ని తక్షణం ఆపేది అండం పొరలోని విద్యుత్ మార్పు, దానికి సోడియం కావాలి. ఉప్పు పలచబడితే ఆ కాపలా సడలుతుంది.

వెలుగు ఒక పక్క నుంచే పెట్టండి, మూలతంతువు (వేరులాంటి పోగు) నీడవైపు మొలుస్తుంది. సుమారు 24 గంటలకు ఆ మొలక అక్షానికి అడ్డంగా ఒకే గోడ పడి, రెండు అసమాన కణాలు కనిపిస్తే విభజన సరిగా జరిగినట్లే.