స్లాష్ దగ్గర తడబడ్డారు, అంతే

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో బీసీఏ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ఫైల్ పాత్‌ల (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాల) జాబితా ఇచ్చి, 2024 అనే ఫోల్డర్‌లో నేరుగా ఉన్న ఫైళ్లను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (రెగెక్స్, అంటే అక్షరాల్లో వెతకడానికి రాసే నమూనాతో) వేరు చేయమన్నారు. .*2024.* అని రాశాను. తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు. మామిడి కాపు డబ్బు రాగానే హైదరాబాద్ పంపి కోర్సు చేయిస్తానంటున్నారు నాన్న. వెళ్లాలా?

జవాబు: వద్దమ్మా. ఆ డబ్బు ఇంట్లోనే ఉండనివ్వండి. పైథాన్ వచ్చిన మీకు ఇది రెండు వారాల సాధనతో పట్టుబడుతుంది.

ఎందుకు తప్పో చెప్పకుండా పంపేయడం నాకు బాధ కలిగించింది. నేను చెబుతాను. చుక్క, నక్షత్రం కలిస్తే స్లాష్‌తో సహా దేన్నైనా మింగేస్తాయి. అందుకే 2023 ఫోల్డర్‌లో ఉండి, పేరులో మాత్రం 2024 ఉన్న ఫైలు కూడా మీ వలలో పడింది. 2024 లోపలి ఉపఫోల్డర్ల ఫైళ్లూ పడ్డాయి. /2024/[^/]+$ అని రాసి చూడండి. [^/]+ అంటే స్లాష్ కాని అక్షరాలు ఒకటో, అంతకన్నా ఎక్కువో. డాలర్ గుర్తు అంటే పాత్ అక్కడితో ముగియాలి. దీన్ని పైథాన్‌లోని సెర్చ్ ఫంక్షన్‌తో వాడండి. మ్యాచ్ ఫంక్షన్ మొదటి అక్షరం నుంచే పోలుస్తుంది కాబట్టి, పాత్ మధ్యలో ఉన్న 2024 దానికి దొరకదు.

విండోస్‌లో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో తిరుపతి అనే ఫోల్డర్ పెట్టి, దాని పాత్‌ను మామూలు కోట్స్‌లో రాయండి. బ్యాక్‌స్లాష్, పక్కనున్న ‘టీ’ కలిసి ట్యాబ్‌గా మారిపోతాయి, ఫైలు దొరకదు. అదే చిత్తూరు ఫోల్డర్‌ను ఒక్క బ్యాక్‌స్లాష్‌తో నమూనాలో రాస్తే, ‘సీ’ దగ్గర రెగెక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. బ్యాక్‌స్లాష్‌ను పైథాన్ మార్చకుండా కోట్స్ ముందు ‘ఆర్’ పెట్టి, నమూనాలో రెండు బ్యాక్‌స్లాష్‌లు రాస్తే సరి.

ఫైలు ఎక్స్‌టెన్షన్ ఒక్కటే కావాలంటే పైథాన్‌తోనే వచ్చే పాత్‌లిబ్ చాలు, రెగెక్స్ అక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఆ మాట ధైర్యంగా చెప్పండి, పని తెలిసినవారికి అది నచ్చుతుంది. టెస్టింగ్, సర్వర్ల నిర్వహణ, డేటా ఉద్యోగాల్లో ఈ పని తరచూ తగులుతుంది.

ఈ రోజే మీ ఫోను ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటి పాత్‌ల మీద పది నమూనాలు రాయండి. ఒక్కోదానికి దొరకాల్సిన పాత్ ఒకటి, దొరకకూడని పాత్ ఒకటి పక్కనే రాసి పరీక్షించండి. అవన్నీ కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టి, లింకును రెజ్యూమెలో చేర్చండి.