మూడో బోరు వేయించే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కొలిమిగుండ్ల దగ్గర కొన్న పొలంలో మూడో బోరు వేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. వచ్చే వేసవి దాటేదాకా ఆగు నాయనా. అది సున్నపురాయి నేల. నీరు రాయి నిండా ఊరి ఉండదు. పగుళ్లలో, సొరంగాల్లో పారుతుంది. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త పులిసి, లక్షల ఏళ్లుగా రాయిని కరిగించి చేసుకున్న దారులవి. బేలం గుహల్లో సుమారు 150 అడుగుల లోతున పాతాళగంగ చూశావు కదా! అలాంటి దారి తగిలితే బోరు ఎగదన్నుతుంది. పది అడుగులు జరిగితే దుమ్మే లేవవచ్చు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు సాధారణంగా సన్నబడతాయి కనుక, ఇంకో వంద అడుగులు దించమని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకు.

ఈ దారుల్లోకి నీరు ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగానూ పోతుంది. ఇప్పుడు వానలు ఒక్కసారిగా కుమ్మరించి, ఆపై వారాల తరబడి ముఖం చాటేస్తున్నాయి. రెండు వానలకు మట్టం పెరిగిందని వరి నాటవద్దు. శనగ వేసుకో.

నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదనే ఇంత రాస్తున్నాను. ఒక కరువు ఏడు మోటారు గాలి పీల్చేదాకా తోడాను. నీళ్లు ఎర్రగా వచ్చినా ఆపలేదు. పగుళ్లలోని మట్టిని నేనే లాగేస్తున్నానని తెలియలేదు. తర్వాతి పెద్ద వానకు బోరు పక్కన ఎడ్లబండి పట్టేంత గొయ్యి పడింది. కింద నీరున్నంత కాలం పైమట్టికి ఆసరా ఉంటుంది. అది దిగిపోయాక వాన మట్టిని లోపలికి లాక్కుపోతుంది. 2015 చివరలో కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో భారీ వానల తర్వాత పొలాలు కుంగిన సంగతి నీకూ గుర్తుండాలి. నీళ్లలో మట్టి కనిపించిన క్షణమే మోటారు ఆపు.

ఎండిన బోరులోకి వాన నీరు మళ్లిస్తానన్నావట. సంతోషం. కానీ నేరుగా వదలవద్దు. ఇసుక నేల నీటిని వడగడుతుంది, ఈ రాతి దారులు వడగట్టవు. మందు కొట్టిన పొలం నీరు రోజుల్లోనే ఊరి మంచినీటి బావికి చేరవచ్చు. కంకర, ఇసుక పొరలతో గుంట కట్టి, అందులోంచే దిగనివ్వు.

నీ పొలంలోని పాత బావి పూడ్చకు. ప్రతి అమావాస్యకు మట్టం కొలిచి నోటుపుస్తకంలో రాయి, పక్కనే వాన పడిన రోజులూ రాయి. నా కొలత టేపు తమ్ముడి చేత పంపుతున్నాను. మొదటి కొలత తీయగానే ఫోను చేయి.

మీ పెదనాన్న