గెలిచిన మర్నాడే తప్పుకుంటే అది గెలుపు కాకుండా పోతుందా?

"గెలిచి కూడా ఓడినట్టయిన జట్టును మీరెప్పుడైనా చూశారా?" అని ఒకరు అడిగారు. చూశాను. క్రికెట్‌లో కాదు, ఐస్ హాకీలో. అయితే ఆ జట్టు ఓడినట్టయిందని మాత్రం నేను ఒప్పుకోను. ఈ మాట చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

2019 నుంచి 2021 దాకా న్యూయార్క్ రాష్ట్రంలో కాంటన్ అనే ఊళ్లో ఉన్నాను. న్యూయార్క్ అనగానే మనవాళ్లకు ఆకాశహర్మ్యాలే గుర్తొస్తాయి. కాంటన్ ఆ సిటీకి చాలా దూరం, కెనడా సరిహద్దుకు దగ్గర. చలికాలంలో బయట పది నిమిషాలు నిలబడితే మఫ్లర్ మీద మన ఊపిరే మంచయి పేరుకుంటుంది. అక్కడికి పది మైళ్లలో పాట్స్‌డామ్ ఉంది. నా ఎమ్మెస్ ఆ వైపు. అద్దె తక్కువని కాంటన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాను. ఆవిడకు డెబ్బై దాటాయి, భర్త పోయారు. ఒక్కడే కొడుకు, కెనడాలో కింగ్‌స్టన్‌లో ఉంటాడు. మామూలు రోజుల్లో కారులో రెండు గంటల్లోపు ప్రయాణం. 2020 మార్చిలో సరిహద్దు మూసేశాక ఏడాది పాటు తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు ఫోన్లోనే చూసుకున్నారు.

ఆవిడకు ప్రాణం సెయింట్ లారెన్స్ యూనివర్సిటీ హాకీ జట్టు. కాంటన్ కాలేజీయే అది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ప్రతి చలికాలం యాపిల్టన్ అరీనాలో చెక్క బెంచీల మీద కూర్చుని ఆటలు చూసిందట. 2000లో ఆల్బనీలో బోస్టన్ యూనివర్సిటీ మీద నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 3-2తో గెలిచిన ఆట గురించి నాకు కనీసం ఆరుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చేతులు పైకెత్తేది.

ఇక అసలు సంగతి. ఈ జట్టు ఆడే లీగ్ పేరు ఈసీఏసీ. అందులో 12 జట్లు. కరోనా వల్ల 2020-21 సీజన్‌లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మత్ ఆరూ ఆడబోమన్నాయి. యూనియన్, రెన్సలేర్ కూడా తప్పుకున్నాయి. మిగిలినవి నాలుగు: క్విన్నిపియాక్, క్లార్క్‌సన్, కోల్‌గేట్, సెయింట్ లారెన్స్. మామూలుగా ఫైనల్స్ లేక్ ప్లాసిడ్‌లో, 1980 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన హాల్లో పెడతారు. మా ఓనరమ్మ థర్మాస్‌లో సూపు పోసుకుని వెళ్లేదట. ఆ ఏడు లేక్ ప్లాసిడ్ లేదు. కనెటికట్‌లోని హామ్డెన్‌లో, క్విన్నిపియాక్ వాళ్ల సొంత మైదానంలోనే ఫైనల్. 2021 మార్చి 20, శనివారం.

ఆవిడకు టికెట్ లేదు, ఇంటికి ఎవరూ రారు, ఆన్‌లైన్‌లో చూడటం చేతకాదు. శుక్రవారం మెట్ల కింద నిలబడి, "నీ కంప్యూటర్‌లో పెడతావా?" అని అడిగింది. ఏడాదిలో ఆవిడ నన్ను అడిగిన మొదటి సాయం అది.

ఆవిడకు అప్పటికి టీకా ఒక డోసు పడింది, నాకు ఇంకా లేదు. అందుకని హాల్లో వీధి తలుపుకు ఆనించి ఒక స్టూలు వేసి, దాని మీద పాత పుస్తకాలు దొంతరగా పెట్టి, ఆపైన ల్యాప్‌టాప్ పెట్టాను. ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుంది, నేను మెట్ల మీద కింది నుంచి మూడో మెట్టు. ఇద్దరికీ మాస్కులు. అంత దూరం నుంచి పద్నాలుగంగుళాల తెర మీద పక్ ఎక్కడ కనపడుతుంది? నల్ల బిళ్ల, నిమ్మకాయ బద్దంత కూడా ఉండదు. "ఎక్కడుందండీ?" అని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆవిడ, "పక్ కోసం వెతకకు. వాళ్ల భుజాలు చూడు. భుజం ఎటు తిరిగితే పక్ అటు వెళ్తుంది" అంది. నిజంగానే, ఆ మాట విన్నాక ఆట కనపడటం మొదలైంది. అప్పటిదాకా నాకు అది పదిమంది గుద్దుకోవడమే.

ఆట జరిగే స్టేడియం దాదాపు ఖాళీ. జనం గోల లేకపోవడంతో కర్రలు కొట్టుకునే చప్పుడు, స్కేట్లు మంచును గీరే చప్పుడు, కుర్రాళ్లు ఒకరినొకరు పేర్లు పెట్టి అరవడం అన్నీ వినపడ్డాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇవి ఇంత స్పష్టంగా వినలేదని ఆవిడే చెప్పింది.

మూడు పీరియడ్లు అయ్యేసరికి 2-2. ఓవర్‌టైమ్. ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే కప్పు. సరిగ్గా అప్పుడే వీడియో ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరుగుతూ ఉంది. నేను లేచి రూటర్ దగ్గరికి పరిగెత్తబోతే, ఆవిడ ఫోన్ మోగింది. కింగ్‌స్టన్ నుంచి కొడుకు. స్పీకర్ పెట్టాల్సిన పని లేకుండానే హాలంతా వినపడేలా అరుస్తున్నాడు. అతని దగ్గర వీడియో ఆగలేదు. సెయింట్ లారెన్స్ 3-2. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. మా తెర మళ్లీ కదిలేసరికి కుర్రాళ్లంతా ఒకరి మీద ఒకరు కుప్పగా పడి ఉన్నారు.

ఈసీఏసీ కప్పు ఆ జట్టుకు 2001 తర్వాత మళ్లీ అప్పుడే. అంతకుముందు ఏడాది 36 ఆటల్లో నాలుగే గెలిచిన జట్టు అది. ఆ నాలుగు గెలుపుల ఏడాదే బ్రెంట్ బ్రెకీ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది. అలాంటి జట్టు, లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న క్విన్నిపియాక్‌ను వాళ్ల మైదానంలోనే ఓడించింది. ఈ కప్పు గెలిస్తే 16 జట్ల జాతీయ టోర్నమెంట్‌లోకి నేరుగా ప్రవేశం. వాళ్లకు అందులోకి వెళ్లడానికి వేరే దారి లేదు.

ఆవిడ యాపిల్ పై ముక్క ఒకటి మూడో మెట్టు మీద పెట్టి, వెనక్కి వెళ్లి గుమ్మంలో నిలబడింది. నేను తీసుకున్నాను. అలా పండగ చేసుకున్నాం.

మర్నాడు ఆదివారం, జాతీయ టోర్నమెంట్ జట్లను ప్రకటించే రోజు. కోచ్ బ్రెకీకి పాజిటివ్ వచ్చింది. జట్టు తప్పుకోవాల్సి వచ్చింది. ఆ స్థానం క్విన్నిపియాక్‌కు వెళ్లింది.

నాకు ఈ సంగతి చెప్పింది ఆవిడే. ఇంటి ముందు దారిలో గడ్డకట్టిన మంచు మీద ఉప్పు చల్లుతోంది. "వాళ్లు వెళ్లట్లేదు" అని, మళ్లీ వంగి ఇంకో గుప్పెడు చల్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క రోజు! ఆ ఒక్క రోజు ఆగి వచ్చి ఉంటే అన్నాను. ఇంత కష్టపడి గెలిచి ఏం లాభం అన్నాను. ఆవిడ నడుం పట్టుకుని లేచి, "నిన్న రాత్రి జరిగింది జరగలేదంటావా?" అని అడిగింది. ఊరికే అడిగింది, నాకు పాఠం చెప్పాలని కాదు.

నేను పైకి వెళ్లిపోయి మా చెల్లికి ఫోన్ చేశాను. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో ఏడాదిగా నలుగుతున్న మాటే.

మా చెల్లి పెళ్లి 2020 జూన్ రెండో వారంలో, ఆషాఢం రాకముందే, ఖమ్మంలో మా ఇంటి ముందు పందిట్లో జరిగింది. 50 మందికే పర్మిషన్. నాన్న డైరీలో పేర్లు రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయారు. ఫంక్షన్ హాలుకు కట్టిన అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు. డేటు మార్చుకోండి గానీ డబ్బులివ్వం అన్నారు. ముహూర్తం డేటు మార్చుకోవడం ఏమిటి? ఆ హాలు వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. కాశీయాత్రకు బయల్దేరిన బావను బతిమాలి వెనక్కి తీసుకురావాల్సింది అన్నగా నేను. ఆ పని మా చిన్నాన్న కొడుకు చేశాడు. అక్కడ ఉదయం పదింటి ముహూర్తం, నాకు అర్ధరాత్రి పన్నెండున్నర. అదే ల్యాప్‌టాప్‌లో జీలకర్ర బెల్లం చూశాను. సన్నాయి విని కింద ఆవిడ లేచి లైటు వేసింది. మర్నాడు విషయం చెప్తే, చెల్లి పేరు కాగితం మీద నా చేత రాయించుకుని అదే స్పెల్లింగుతో గ్రీటింగ్ కార్డు పంపింది.

మా బంధువులు మాత్రం? "యాభై మందితో అదేం పెళ్లి" అని నేటికీ అంటారు. పెదనాన్న పేరు ఆయన వయసు చూసి లిస్టులో పెట్టలేదని రెండేళ్లు మాట్లాడలేదు. చెల్లి ముందే, "నీది కరోనా పెళ్లి కదా" అంటారు. తాళి కట్టింది, ఏడడుగులు నడిచింది కరోనా కోసమా? ఈ మాట వినపడినప్పుడల్లా దాని ముఖం ఎలా మాడిపోతుందో అనేవాళ్లకు కనపడదు.

హాకీ అభిమానుల్లోనూ ఇదే బుద్ధి. "నాలుగు జట్ల లీగ్‌లో కప్పు కూడా ఒక కప్పేనా" అన్నవాళ్లను చాలామందిని చూశాను. నేనైతే అది మామూలు ఏడాది కంటే కష్టమంటాను. లీగ్ ఆటలన్నీ ఉన్న మూడు జట్లతోనే మళ్లీ మళ్లీ ఆడాలి. వాళ్ల ఎత్తులన్నీ వీళ్లకు తెలుసు, వీళ్లవి వాళ్లకు తెలుసు. రేపు ఆట ఉంటుందో లేదో టెస్టు రిజల్టు వచ్చేదాకా తెలియదు. ఆ టెన్షన్‌లో ఆడి గెలవడం తక్కువా? అంతకుముందు ఏడాది, 2020 మార్చిలో, టోర్నమెంట్లన్నీ రద్దయ్యాయి. దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న కార్నెల్ కుర్రాళ్లు చివరి పోటీ ఆడకుండానే ఇళ్లకు పోయారు. వాళ్లకు ఆ ఒక్క శనివారం కూడా దక్కలేదు.

ఇంకో విషయం. తప్పుకోవాలన్న నిబంధనను తిట్టేవాళ్లతో నేను కలవను. ఆ వారంలోనే నోటర్‌డేమ్, మిషిగన్ జట్లు కూడా పాజిటివ్ కేసుల వల్ల ఆడకుండానే వెళ్లిపోయాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఏం కాదులే అనేవాళ్లు, వాళ్లు తిరిగి వెళ్లేది మా ఓనరమ్మలాంటి వాళ్లుండే ఊళ్లకని మర్చిపోతారు. నిబంధన సరైనదే. దాన్ని సాకుగా పెట్టుకుని గెలుపును తగ్గించడమే తప్పు.

క్విన్నిపియాక్ ఆ తర్వాత కొలరాడో వెళ్లి మినెసోటా స్టేట్ చేతిలో 4-3తో, ఓవర్‌టైమ్‌లోనే ఓడింది. ఆ ఏడాది జాతీయ కప్పు మసాచుసెట్స్‌ది, ఫైనల్లో సెయింట్ క్లౌడ్ స్టేట్ మీద 5-0. మసాచుసెట్స్ జట్టులో కార్సన్ గిసెవిచ్ అనే కుర్రాడున్నాడు. అంతకుముందు ఏడాది దాకా సెయింట్ లారెన్స్‌కే ఆడినవాడు. అతను గోల్ కొట్టినప్పుడల్లా, "మా పిల్లాడు" అనేది ఆవిడ. ఆ ఆటలు కూడా మెట్ల మీద నుంచే చూశాం, ఈసారి వీడియో ఆగకుండా కేబుల్ వేసి.

ఆగస్టులో ఉద్యోగం వచ్చి టెక్సాస్ వెళ్లిపోయాను. తాళాలిచ్చే రోజు మొదటిసారి ఆవిడ వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్ తలుపు మీద నేనిచ్చిన చెల్లి పెళ్లి ఫొటో ఉంది, తలంబ్రాలు పోసుకుంటున్నది. పక్కనే పేపర్ కటింగ్. మాస్కులతో కుర్రాళ్లు కప్పు పట్టుకున్న ఫొటో. తప్పుకున్నారన్న వార్త కోసం చుట్టూ చూశాను. అది ఆవిడ కత్తిరించుకోలేదు.