కోతి పాఠం సార్ ఎందుకు వదిలేసిండు?

ప్రశ్న: మా పాప జడ్పీ హైస్కూల్ల పదో తరగతి, మరాఠీ మీడియం. సైన్స్ పార్ట్ 2 పుస్తకంల మొదటి పాఠమే అనువంశికత, పరిణామం. సార్ సగం చెప్పి మిగతాది ఇంటికాడ చదువుకోండి అన్నడంట. మా తమ్ముని కొడుకు సీబీఎస్ఈ, వాని పుస్తకంలనైతే ఆ ముచ్చటే లేదంటున్నడు. కోతి నుంచి మనిషి వచ్చిండంటే ఇప్పుడున్న కోతులు ఎందుకు మారతలేవు? అయినా ఇది రాకపోతే పిల్లకి నష్టమేంది?
– ఒక తండ్రి, అంకీసా, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా (మహారాష్ట్ర)

జవాబు: ముందు మార్కుల నష్టమే చూడండి అన్నా, బోర్డు పరీక్షలో పార్ట్ 2 పేపర్ 40 మార్కులకి, అందులో మొదటి పాఠం సగం రాకుండా పోయి కూర్చోమంటే ఎట్లా? సార్‌ని మర్యాదగానే అడగండి, పుస్తకంలో ఉంది కదా సార్ చెప్పండి అని. మీ తమ్ముడి కొడుకు చెప్పింది కూడా నిజమే. కరోనా టైంలో పిల్లల మీద బరువు తగ్గిస్తాం అని మొదలుపెట్టిన ఎన్‌సీఈఆర్‌టీ, అంటే సీబీఎస్ఈ పిల్లలు చదివే పుస్తకాలు వేసే కేంద్ర సంస్థ, 2023 పుస్తకానికి వచ్చేసరికి పదో తరగతి పాఠంలోంచి పరిణామం తీసేసి ఒట్టి అనువంశికత మిగిల్చింది. 1800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు ఇది తప్పు అని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అంటారు, ఉంది, కానీ పది కాగానే ఐటీఐకో కామర్స్‌కో పోయే పిల్లోడు అది ఎప్పుడు చదవాలి? ఈ ఒక్క విషయంలో మన మహారాష్ట్ర బోర్డే నయం అంటాను నేను.

ఇక కోతి సంగతి. 2018 లో కేంద్రంలో విద్యాశాఖ సహాయ మంత్రిగా ఉన్న సత్యపాల్ సింగ్ గారు ఔరంగాబాద్ వచ్చి, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు అన్నారు, దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాట సరికాదని స్టేట్‌మెంట్ ఇవ్వాల్సి వచ్చింది. మీకూ మీ బాబాయి కొడుక్కీ తాత ఒక్కడే, అట్లని మీరు బాబాయి కొడుక్కి పుట్టలేదు కదా, ఇదీ అంతే. మనకీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద ఉండేవి, వాటి సంతానం ఒక దారిన పోయి మనం అయ్యాం, ఇంకో దారిన పోయినవి చింపాంజీలు అయ్యాయి. గుడి దగ్గర మీ చేతిలో అరటిపండు గుంజుకునే కోతి ఇంకా దూరపు చుట్టం. అది మనిషిగా మారాలని రూలేం లేదు, దాని బతుకు దానికి బాగానే నడుస్తోంది.

అసలు మీ తాలూకా పిల్లలకి ఈ పాఠం ఎగ్గొట్టడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. ప్రాణహిత ఒడ్డున కోట ఊరు ఉంది కదా, అక్కడి రాళ్లకి ప్రపంచమంతా కోట ఫార్మేషన్ అనే పేరు, డైనోసార్ల కాలం నాటివి. అవే రాళ్లు నది దాటి తెలంగాణ వైపు కూడా ఉన్నాయి, ఈ రాళ్లలోనే పోచంపల్లి దగ్గర తవ్విన బారాపాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉంది, తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే ఇంకో డైనోసార్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. అంతదూరం పోలేకపోతే వడధం ఫాసిల్ పార్క్ మీ తాలూకాలోనే, చెట్టు మొద్దులు రాయిగా మారిపోయి కనిపిస్తాయి. ఇంతకంటే ల్యాబ్ ఏం కావాలి? పిల్లల్ని తీసుకుపోండి, ముక్కలు మాత్రం జేబులో వేసుకుని రానివ్వకండి.

ప్రశ్న: పరిణామం ఒక థియరీనే కదా, ప్రూవ్ కాలేదు కదా?
– ఇంటర్ స్టూడెంట్, ఆలాపల్లి

జవాబు: గ్రావిటీ కూడా థియరీనే తమ్ముడూ, మేడ మీంచి దూకుతావా? సైన్స్‌లో థియరీ అంటే ఊహ కాదు, బోలెడు ఆధారాలు నిలబెట్టిన వివరణ. కోట రాళ్లలో డైనోసార్లు దొరికాయి, చేపలు దొరికాయి, చిన్న చిన్న క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. ఆవు ఎముక గానీ మనిషి ఎముక గానీ ఒక్కటీ లేదు. దొరికిన రోజు ఆ థియరీకి పెద్ద దెబ్బే, అంటే అది తప్పని చూపించే దారి కూడా తెరిచే ఉంది. ఇప్పటి సంగతి కావాలంటే మలేరియా చూడు, ఒకప్పుడు క్లోరోక్విన్ గోళీలకి తగ్గిపోయే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాకి ఇప్పుడు ఏసీటీ అనే వేరే మందుల జోడు ఇస్తున్నారు, ఎందుకంటే క్లోరోక్విన్‌కి చావని క్రిములే బతికి పిల్లల్ని పెట్టాయి.

ప్రశ్న: నాకు సికిల్ సెల్ టెస్టులో ఏఎస్ అని వచ్చింది. సంబంధాలు చూస్తున్నరు, భయమైతుంది. ఇంత చెడ్డ రోగం ఇన్ని తరాలైనా ఎందుకు పోలేదు సార్?
– ఒక చెల్లెలు, అహేరి

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా, పై ఇద్దరికీ కూడా ఇందులో జవాబు ఉంది. హీమోగ్లోబిన్ తయారుచేసే జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ వస్తుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జీనే వస్తే ఎస్ఎస్, అప్పుడు ఎర్ర కణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డం పడతాయి, ఒళ్లంతా నొప్పులు, రక్తం తక్కువ. ఒక్కరి నుంచే వస్తే నీలాగా ఏఎస్, మామూలుగా జబ్బేం ఉండదు. మరి ఎందుకు పోలేదంటే, ఏఎస్ ఉన్న పసిపిల్లలు ప్రాణం తీసే మలేరియా నుంచి మిగతావాళ్ల కంటే ఎక్కువగా బయటపడతారు. తూర్పు ఆఫ్రికాలో ఆంథొనీ అలిసన్ 1954 లో ఈ సంగతి చూపించాడు. మలేరియా అడవుల్లో వేల ఏళ్లు అట్లా బతికినవాళ్ల పిల్లలకి ఆ జీన్ వస్తూ పోయింది, గడ్చిరోలిలో ఇది ఎక్కువ ఉండటానికి అదే కారణం. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం అంటే ఇదే, ఎవరి తప్పూ కాదు, ఏ శాపమూ కాదు, మీ కులానికి మచ్చ అసలే కాదు.

అబ్బాయికి కూడా టెస్టు చేయించమని మీ నాన్నతో చెప్పించు, సిగ్గుపడే విషయం కాదు. అతనిది ఏఏ వస్తే మీ పిల్లలకి ఎస్ఎస్ రాదు, కొందరికి నీలాగే ఏఎస్ రావచ్చు అంతే. అతనిదీ ఏఎస్ అయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ఎస్ఎస్ వచ్చే అవకాశం ఉంటుంది, అప్పుడు డాక్టర్‌తో ఇద్దరూ కూర్చుని మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి. ఇంకోటి, ఏఎస్ ఉంది కదా అని దోమతెర మానకు, మలేరియా నీకూ వస్తుంది.