అమ్మణ్ణికి, తొమ్మిదో నెలలో

అమ్మణ్ణీ,

మొన్న ఫోన్‌లో గొంతు తగ్గించి అడిగితివి, "పెద్దమ్మా, నిజంగా ఎంత నొప్పి ఉంటుంది?" అని. నేను నోరు తెరిచేలోపల మీ అమ్మ ఫోన్ లాక్కుని "దానికి భయం పెట్టొద్దక్కా" అనింది. చెప్పకపోతే భయం పోతుందా? నా తొలి కాన్పుకు ముందు మా అవ్వను అడిగితే "బిడ్డ మొగం చూస్తే అంతా మర్చిపోతావులే" అనింది. ముగ్గురిని కన్నాను, ఏదీ మర్చిపోలేదు. అందుకే రాస్తా ఉండా. మీ అమ్మకు చూపించబాక.

మొదట నడుము. కడుపులో మొదలవుతుందనుకుంటాం గానీ నాకు మూడుసార్లూ నడుములోనే పట్టుకునింది, నెలసరి నొప్పి మాదిరి. అది ముందుకు తిరిగి, కడుపంతా రాయి మాదిరి బిగుసుకుంటుంది. మళ్ళీ వదులవుతుంది. దొంగనొప్పులైతే కాసేపు నడిచినా, నీళ్ళు తాగి పక్కకు ఒరిగి పడుకున్నా సర్దుకుంటాయి. నిజం నొప్పులు నువ్వేం చేసినా ఆగవు. ఒకదానికొకటి దగ్గరవుతా, గట్టిపడతా వస్తాయి. తొలిచూలు కదా, 5 నిమిషాలకొకటి వచ్చేదాకా ఇంట్లో ఉండొచ్చంటారు. కానీ మీ ఊరి నుంచి తిరుపతి చేరాలంటే గంట పైనే పడుతుంది, నువ్వు అంతసేపు కాచుకోవద్దు. ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పులు లెక్కపెట్టుకుంటా కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యి.

నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. నొప్పి ఆగి ఆగి వస్తుంది. ఒక్కోటి నిమిషం సేపు. తర్వాత ఏమీ లేనట్టు వదిలేస్తుంది. ఆ సందులో నేను "అయ్యో, మళ్ళీ వస్తుందే" అని బిగుసుకుని కూర్చుని, ఉన్న శక్తంతా పోగొట్టుకున్నా. రెండో కాన్పుకు తెలివొచ్చింది. అలిపిరి మెట్లు ఎక్కినాము గదా మనం, 3,550 అని తలుచుకుంటే మొదటి మెట్టు దగ్గరే కాళ్ళు చచ్చుపడతాయి. ఈ మెట్టు, ఆ తర్వాత ఒక చిన్న కూర్చోడం, అంతే. నొప్పి వదలగానే దవడ వదులు చెయ్యి, భుజాలు కిందికి దించు, ఆసుపత్రి వాళ్ళు సరేనంటే ఒక గుక్క నీళ్ళు తాగు. నేను ఆ సందుల్లో గురక పెట్టి నిద్రపోయినానంట, మీ పెదనాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

గాలిగోపురం దాటినాక దారి చదునై, "అయిపోయిందిలే" అనుకునేటప్పుడు మోకాళ్ళ పర్వతం ఎదురవుతుంది చూడు, కాన్పులోనూ ఆ చోటు ఒకటుంది. గర్భసంచి ద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోబోయే ముందు. ఒళ్ళంతా వణుకుతుంది, వాంతి వస్తుంది, నొప్పికీ నొప్పికీ మధ్య సందే మిగలదు. "నా వల్ల కాదు" అనిపిస్తుంది. నేనైతే మంచం దిగి చెప్పులు వెతుక్కున్నా, ఇంటికి పోతానని! నర్సమ్మ నవ్వి, "ఇంటికి పోతానంటే అయిపోవచ్చిందని లెక్కమ్మా" అనింది. అల్లుణ్ణి తిడతావేమో, తిట్టుకో. గంగమ్మ జాతరలో వేషం వేసినోళ్ళ బూతులకు ఎవరైనా కోపం తెచ్చుకుంటారా?

కానీ ఇంకొకరు నిన్ను తిట్టకూడదు. నా తొలి కాన్పులో అరిచినందుకు ఒక ఆయమ్మ "అప్పుడు లేని బాధ ఇప్పుడొచ్చిందా" అనింది. ఆ నొప్పికన్నా ఆ మాట ఎక్కువ కాలం ఉండిపోయింది నాలో. పక్కన మనిషి ఉంటే అట్లా అనరు. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని 2016లోనే కేంద్రం ప్రభుత్వ ఆసుపత్రులకు చెప్పింది. ముందే అడిగి పెట్టుకో. వెన్నులో మత్తు సూది ఉందా అనేది కూడా అడుగు. అది వేయించుకుంటే చేతకానిదనేం కాదు.

ఇక ముక్కడం. సిగ్గు పడకుండా చెప్తా: దొడ్డికి వచ్చినట్టే ఉంటుంది. ఆ సిగ్గుకే సగం మంది బిగపట్టుకుంటారు. ఏమైనా వస్తే వాళ్ళే తుడిచేస్తారు, రోజూ చూసేదే వాళ్ళకు. తల బయటపడేటప్పుడు మంట. మిరపకాయలు దంచిన చెయ్యి తగిలినట్టు మంట. అప్పుడు "ముక్కొద్దు, నోటితో గాలి వదులు" అంటే వెంటనే విను, చీలిక తగ్గుతుంది. తల వచ్చేసినాక తక్కినదంతా వెచ్చగా, తడిగా చేప జారినట్టు జారిపోతుంది. ఆ క్షణంలో కడుపు ఖాళీ అయిన తేలికదనం ఉందే, దానికి నా దగ్గర మాట లేదు. మాయ పడినాక పళ్ళు టకటకలాడేటంత వణుకొస్తుంది. చాలామందికి వచ్చేదే, దుప్పటి అడుగు.

మూడోది ఆపరేషన్. నొప్పి తెలీలేదు గానీ, సంచిలో చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నట్టు లోపల లాగడం తెలిసింది. తర్వాత దగ్గినా నవ్వినా కుట్లు గుంజుతాయి, కడుపుకు దిండు అదిమి పట్టుకో. "కోసి తీసినారు, అది కాన్పా?" అనేవాళ్ళను మన వాకిలి తొక్కనివ్వను.

అసలు రాయాల్సింది ఇదీ. పెద్దోణ్ణి నా రొమ్ము మీద పెట్టినప్పుడు నాకు ప్రేమ రాలేదు. ఒళ్ళంతా తెల్లటి జిడ్డుతో, ఊదా రంగులో ఉండాడు. "ఎవరి బిడ్డ ఇది?" అనుకున్నా. అందరూ కళ్ళు తుడుచుకుంటా ఉంటే నాకు నిద్ర వస్తా ఉండె. నేను తల్లిని కాదేమో అని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయినా. పాలు మాత్రం ఇస్తానే ఉన్నా. పదకొండో రోజు వాడు తుమ్మినాడు. తన తుమ్ముకు తానే బెదిరి ఏడ్చినాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వెనకాలే వచ్చింది ప్రేమ. మీ అక్కకైతే మాయ పడకముందే వచ్చేసింది. కాబట్టి నీకు ఆలస్యమైతే కంగారు పడబాక. ముర్రుపాలు మాత్రం మొదటి గంటలోనే పట్టించు. తాగేటప్పుడు కడుపులో మెలిపెడుతుంది, గర్భసంచి ముడుచుకుంటుందన్నమాట.

మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పొంగుతాయి, ఏడుపూ పొంగుతుంది. చారులో ఉప్పు తక్కువైనా ఏడుస్తావు. రెండు వారాల్లోపల తగ్గుతుంది. తగ్గకపోయినా, చచ్చిపోవాలనో, బిడ్డను ఏమైనా చెయ్యాలనో ఆలోచన వచ్చినా ఆ పూటే డాక్టరమ్మకు చెప్పు. ఎవరో గాలి సోకిందని తాయెత్తు తెస్తారు, కట్టుకుంటే కట్టుకో, డాక్టరు దగ్గరకు మాత్రం పోయి తీరాలి. బాలింతకు తాగేదానికి నీళ్ళు ఇయ్యకూడదని మా అమ్మ నన్ను ఎండగట్టింది. నువ్వు దప్పికైనప్పుడల్లా తాగు, మీ అమ్మ వద్దంటే నాకు ఫోన్ చెయ్యి.

పాత నూలు చీరలు నాలుగు ఉతికి పంపుతా ఉండా, మెత్తగా ఉంటాయి. తేదీ దగ్గర పడేసరికి నేనూ వస్తా. చెప్పులు మాత్రం మంచం కింద పెట్టుకోబాక. నా దగ్గర దాచిపెడతా.

మీ పెద్దమ్మ,
చంద్రగిరి