టెక్ సందేహాలు: కంట్రోల్-సీ కొట్టాక రీడింగులు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: సార్, మాది ఆకివీడు దగ్గర పల్లె. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మా రొయ్యల చెరువులో ఆక్సిజన్, నీటి వేడి నిమిషానికోసారి ఫైల్లో రాసేలా చిన్న లినక్స్ బోర్డు మీద సీ ప్రోగ్రాం రాశాను. పొద్దున ప్రోగ్రాం ఆపడానికి కంట్రోల్-సీ కొట్టి ఫైలు తెరిస్తే చివరి రెండు గంటల రీడింగులు ఉండట్లేదు. అందుకని సిగ్నల్ హ్యాండ్లర్ (కంట్రోల్-సీ లాంటి సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి అందులోనే ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్, ప్రోగ్రాం ముగించే ఎగ్జిట్ పిలిచాను. ఒక్కోసారి బాగానే ఆగుతోంది, ఒక్కోసారి క్రాష్ అవుతోంది. ఏం చేయాలి?

జవాబు: ఇదే గోడు వరసగా వస్తోంది. ఒకరిది చెరువు, ఇంకొకరిది రైస్‌మిల్లు కాటా, తప్పు మాత్రం ఒకటే.

మీరు ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాసింది వెంటనే ఫైల్లోకి వెళ్లదు. లినక్స్‌లో మామూలుగా 4096 బైట్ల బఫర్ (రాసింది తాత్కాలికంగా ఉంచే మెమరీ) నిండాకే వెళ్తుంది. తేదీ, టైము, రెండు అంకెలు కలిపి లైను 30 బైట్లనుకుంటే 136 లైన్లు, అంటే రెండు గంటల పావు. మెయిన్ నుంచి రిటర్న్ అయినా, ఎగ్జిట్ పిలిచినా బఫర్ ఖాళీ అవుతుంది. హ్యాండ్లర్ లేనప్పుడు కంట్రోల్-సీ కొడితే ప్రోగ్రాం ఉన్నచోటే చచ్చిపోతుంది, బఫరూ దాంతోనే పోతుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. మీకు కావాల్సిన రీడింగులే పోతున్నాయి.

ఇక క్రాష్ సంగతి. సిగ్నల్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ లోపలి లెక్కలు సగంలో ఉండగా హ్యాండ్లర్ దూరి, అవే లెక్కల్లో ఎఫ్‌క్లోజ్ చేయి పెడితే ఏమైనా జరగొచ్చు. 'చాలాసార్లు పనిచేస్తోంది కదా' అని వదిలేసేవాళ్లను చూస్తే నాకు భయం. 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే సాఫ్ట్‌వేర్) బయటపడిన లోపం సరిగ్గా ఇదే. 120 సెకన్లలో లాగిన్ పూర్తి కాకపోతే అలారం సిగ్నల్ వస్తుంది. దాని హ్యాండ్లర్ లాగ్ రాయబోయి, అక్కడ పిలవకూడని సిస్‌లాగ్‌ను పిలిచింది. మెమరీ లెక్కలు సగంలో ఉన్న ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే పాస్‌వర్డ్ లేకుండానే దూరం నుంచి లినక్స్ సర్వర్ మీద రూట్ అధికారం (పూర్తి పెత్తనం) చేజిక్కించుకోవచ్చు. వేల ప్రయత్నాలు పడతాయి, కానీ కుదురుతుంది. 2006లో ఒకసారి సరిచేసిన తప్పే 2020 మార్పుల్లో మళ్లీ దూరింది. ఆరితేరినవాళ్ల కోడ్‌లోనే దాదాపు నాలుగేళ్లు ఎవరి కంటా పడలేదు. మీ బోర్డు ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నా లేకున్నా హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్, మ్యాలక్, ఫ్రీ, ఎగ్జిట్ ఏవీ ఉండకూడదు.

హ్యాండ్లర్‌లో ఒక్క లైనే ఉంచండి: వోలటైల్ సిగ్ అటామిక్ టి (volatile sig_atomic_t) రకం ఫ్లాగ్‌లో 1 పెట్టడం. మెయిన్ లూపు ప్రతి రౌండులో ఆ ఫ్లాగ్ చూసి బయటికొస్తుంది, ఫైలు మూస్తుంది, రిటర్న్ అవుతుంది. కంట్రోల్-సీ పంపే సిగ్‌ఇంట్‌కే కాదు, సిగ్‌టర్మ్‌కూ ఇదే హ్యాండ్లర్ పెట్టండి, బోర్డు షట్‌డౌన్ అయ్యేటప్పుడు వచ్చేది అదే. సిగ్నల్ ఫంక్షన్ బదులు సిగ్‌యాక్షన్ వాడి, అందులో ఎస్‌ఏ రీస్టార్ట్ (SA_RESTART) ఆప్షన్ లేకుండా చూడండి. అది ఉంటే సెన్సర్ కోసం ఆగిన రీడ్ మళ్లీ మొదలై అక్కడే కూర్చుంటుంది, ఫ్లాగ్ చూసేవాళ్లుండరు.

ప్రోగ్రాం ఆగకపోతే చాలు, కిల్ మైనస్ 9 కొట్టడం కాలేజీ ల్యాబుల్లోనే అలవాటైపోతోంది. తొమ్మిదో సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, సర్దుకునే అవకాశమే ఉండదు. అంతకంటే కోపం తెప్పించేది ఆఫ్ బటనే లేకుండా అమ్ముతున్న బోర్డులు, డబ్బాలు. ప్లగ్గు పీకడం తప్ప ఆపే దారి ఇవ్వకుండా, ఫైలు పాడైతే తప్పు మనదంటారు. పైగా మన డెల్టాలో గాలివాన వస్తే ప్లగ్గు పీకాల్సిన పని కూడా లేదు, కరెంటే పోతుంది. అందుకని ప్రతి రీడింగు తర్వాత ఎఫ్‌ఫ్లష్, ఆ వెంటనే ఎఫ్‌సింక్ పిలవండి. మొదటిది కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాకా, రెండోది మెమరీ కార్డు దాకా చేరుస్తుంది. నిమిషానికోసారి అంటే పెద్ద భారం కాదు.

ఏరేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే మిషన్) రిలే, అంటే దాని కరెంటు స్విచ్, కూడా ఈ ప్రోగ్రామే నడుపుతుంటే, లూపు బయటికి రాగానే ఫైలు మూయడానికంటే ముందు ఏరేటర్ ఆన్ చేసి వదలండి. మిగతా మిషన్లకు ఆగిపోవడం క్షేమం, రొయ్యలకు ఏరేటర్ తిరుగుతూ ఉండటమే క్షేమం. బోర్డు అడాప్టర్ కాలిపోయినా ఏరేటర్ ఆగకుండా, రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ వైపు (రిలేకు బోర్డు నుంచి కరెంటు రానప్పుడు కలిసి ఉండే వైపు) వైరు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.