నియంత్రణ రేఖ వద్ద కాల్పుల విరమణలు ఎందుకు నిలవవు?

2025 మే 10న సాయంత్రం 5 గంటలకు అమల్లోకి వచ్చిన కాల్పుల విరమణను ఆ రాత్రే శ్రీనగర్, జమ్మూల మీద కనిపించిన డ్రోన్లు సందేహంలో పడేశాయి కనుక, భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇటువంటి ఒప్పందాలకు అసలు విలువ ఉందా, పరస్పరం నమ్మకం లేని దేశాలు వాటిని ఎందుకు కుదుర్చుకుంటాయి అని మీరు అడిగారు. నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేసినవాడిని. పూంచ్ ప్రాంతంలో 2003కు ముందూ, ఆ తరువాతా విధులు నిర్వహించాను. విలువ ఉందనే నా అభిప్రాయం. అయితే, కాల్పుల విరమణ నిలవాలంటే ముందు నమ్మకం ఉండాలనే భావనతో నేను ఏకీభవించలేను. నేను చూసినంతలో, రెండు పక్షాలకూ అవసరం ఉన్నంతకాలం, మొదటి తూటా పేలిన వెంటనే మాట్లాడుకునే దారి ఉన్నంతకాలం అది నిలుస్తుంది.

ఉల్లంఘన అనేది ఎలా లెక్కకు ఎక్కుతుందో ముందు చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగంలో పెద్ద భాగం అదే. పోస్టు మీదికి కాల్పులు మొదలైతే సమయం, దిశ, వచ్చినవి మెషిన్‌గన్ తూటాలా లేక మోర్టారు గుండ్లా, మనవాళ్లు దేనితో బదులిచ్చారు అనే వివరాలు కంపెనీకి, అక్కడి నుంచి బెటాలియన్‌కు, ఆపైన బ్రిగేడ్‌కు వెళతాయి. ఆ సందేశాలను నేను టెలిఫోన్ లైను మీదా, రేడియో మీదా ఎన్నోసార్లు పంపాను. వాటిలో మన మీద పడినదే ఉల్లంఘనగా నమోదవుతుంది, మనం కాల్చినది బదులుగా నమోదవుతుంది. అవతలి సిగ్నల్‌మ్యాన్ రాసే నివేదిక కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో ఉంటుంది. 2020లో పాకిస్తాన్ 5,000కు పైగా ఉల్లంఘనలకు పాల్పడిందని భారత్ చెప్పగా, భారత్ మీద పాకిస్తాన్ వేసిన లెక్క కూడా వేలల్లోనే ఉండటానికి కారణం ఇదే. ఎవరు ముందు కాల్చారో తేల్చే మూడో మనిషి లేడు. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు 1949 నుంచి అక్కడ ఉన్నప్పటికీ, 1972 సిమ్లా ఒప్పందంతో వారి పని ముగిసిందన్నది భారత్ వైఖరి. పాకిస్తాన్ మాత్రం నేటికీ వారికి ఫిర్యాదులు చేస్తూనే ఉంది.

కాల్పులు లేని రోజుల్లో అనుమానం తగ్గుతుందని బయటివారు అనుకుంటారు. నిజానికి అది ఆ రోజుల్లోనే పెరుగుతుంది. తూటాల భయం లేనప్పుడే బంకర్ పైకప్పు మార్చుకోవాలి, కందకం లోతు చేసుకోవాలి, దారి బాగుచేసుకోవాలి, కనుక రాత్రివేళ పార చప్పుడు అవతలికి వినిపిస్తుంది. గట్టు తగాదాలో ఉన్న రైతు గట్టు మీద నాలుగు తట్టల మట్టి వేస్తే, పక్క పొలం వాడికి అది మరమ్మతుగా కనబడదు. 1949 జూలైలో కుదిరిన కరాచీ ఒప్పందం రేఖకు ఇరువైపులా 500 గజాల దూరం పాటించాలని చెప్పినా, కొండల మీద ఎదురెదురు పోస్టులు అంతకంటే దగ్గరగా ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. పని ఆపమని హెచ్చరికగా కాల్చిన నాలుగు తూటాలు తెల్లవారేసరికి మోర్టార్ల దాకా వెళ్లడం నాకు తెలుసు. ఢిల్లీలోగానీ ఇస్లామాబాద్‌లోగానీ ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే మొదలయ్యే కాల్పులు ఇవి. చొరబాటుదారులను దాటించడానికి అవతలివారు కవర్ ఫైర్ (మా దృష్టి మళ్లించే కాల్పులు) ఇస్తారన్న మా అనుమానం మాత్రం వేరే రకానిది. దానికి ఆధారాలు ఉన్నాయని, అది ఊరికే పుట్టిన అనుమానం కాదని నేను ఇప్పటికీ అంటాను.

దీనికి తోడు ప్రతి సైన్యానికీ తనదైన జ్ఞాపకాల చిట్టా ఒకటి ఉంటుంది. 1965 ఆగస్టులో ప్రాణాలొడ్డి గెలుచుకున్న హాజీపీర్ కనుమను 1966 జనవరి నాటి తాష్కెంట్ ఒప్పందం ప్రకారం తిరిగి ఇచ్చేశామన్న బాధను నేను చేరిన నాటికి సర్వీసులో ఉన్న పెద్దలు ఇంకా చెబుతుండేవారు. అటువైపు వారికి సియాచిన్ అటువంటిది. 1972లో నిర్ధారించిన నియంత్రణ రేఖ ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి ఉత్తరాన హిమానీనదాల వైపు అని మాత్రమే 1949 కరాచీ ఒప్పందంలో రాసి వదిలేశారు. ఆ ఖాళీని 1984 ఏప్రిల్‌లో మన సైన్యం ముందుగా వెళ్లి నింపింది. మన దృష్టిలో అది ముందుజాగ్రత్త, వారి దృష్టిలో మాట తప్పడం.

కార్గిల్ మిగిల్చిన నష్టం వీటన్నిటికంటే ఎక్కువని నా అభిప్రాయం. 1999కి ముందు ఆ ఎత్తైన ప్రాంతాల్లో చలికాలం రాగానే రెండు సైన్యాలూ శిఖరాల మీది పోస్టులు కొన్నింటిని ఖాళీచేసి దిగివచ్చి, మంచు కరిగాక మళ్లీ ఎక్కేవి. ఎవరూ సంతకం చేయని ఆ అలవాటు కాల్పులు సాగిన సంవత్సరాల్లో కూడా చెక్కుచెదరలేదు. ఆ ఏడాది ప్రధాని వాజ్‌పేయి ఫిబ్రవరిలో బస్సులో లాహోర్ వెళ్లి వచ్చారు, మే నెలలో ఖాళీ శిఖరాల మీద పాకిస్తాన్ సైనికులు పాగా వేసి ఉన్నట్లు బయటపడింది. అప్పటి నుంచి ఆ పోస్టులలో చాలావాటిని ఏడాది పొడవునా కాయవలసి వస్తోంది. హిమపాతాల్లో పోయే ప్రాణాలు, హెలికాప్టర్లలో మోయవలసిన కిరోసిన్, మంచు కొరికిన వేళ్లు అన్నీ ఆ ఒక్క నమ్మకద్రోహానికి మనం ఏటా కడుతున్న వడ్డీ.

ఇంత అనుభవం తరువాత కూడా 2003 నవంబరు 26న మొదలైన విరమణ చాలాకాలం నిలిచింది. దానికి సంతకాలు చేసిన పత్రమంటూ లేదు. పాకిస్తాన్ ప్రధాని ఈద్ సందర్భంగా ప్రకటించగా, రెండు సైన్యాల డీజీఎంవోలు (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌లు) టెలిఫోన్‌లో మాట్లాడుకుని అమలు చేశారు. మొదటి వారాల్లో మేము ఎవరమూ దాన్ని నమ్మలేదు. పగలు నిటారుగా నడవడానికి కూడా వెనుకాడాము. క్రమంగా రేఖకు ఆనుకుని ఉన్న ఊళ్ల వారు వదిలేసిన మొక్కజొన్న చేలలో మళ్లీ దుక్కి దున్నారు, 2005 ఏప్రిల్‌లో శ్రీనగర్, ముజఫరాబాద్‌ల మధ్య బస్సు నడిచింది, 2008 అక్టోబరులో రేఖను దాటి సరుకుల లారీలు వెళ్లాయి. ఆ మరుసటి నెలలో ముంబై మీద దాడి జరిగినా రేఖ మీద విరమణ కుప్పకూలలేదు. ఆ విరమణ తొలి రోజుల్లోనే, 2004లో, మనం రేఖ వెంబడి కంచె పూర్తిచేశాం, పాకిస్తాన్ దానికి అభ్యంతరం చెబుతూనే కాల్పులకు దిగకుండా ఊరుకుంది. అనుమానం అలాగే ఉంది, అవసరం దాన్ని అదుపులో ఉంచింది.

2013 తరువాత ఆ అవసరం పలచబడింది. 2018 మేలో డీజీఎంవోలు పాత అంగీకారాన్ని పాటిస్తామని మళ్లీ అన్నా నిలవలేదు. అదే మాటను 2021 ఫిబ్రవరి 25న సంయుక్త ప్రకటనగా చెప్పినప్పుడు మాత్రం ఆశ్చర్యపడేంతగా నిలిచింది. అప్పటికి మన బలగాలు లద్దాఖ్‌లో చైనాకు ఎదురుగా మోహరించి ఉన్నాయి, పాకిస్తాన్ ఆర్థికంగా ఇబ్బందుల్లో ఉంది. వాక్యాలు దాదాపు అవే, పరిస్థితులు వేరు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన హత్యలతో అదీ ముగిసింది. మే 7 నుంచి పూంచ్ పట్టణం మీద పడిన గుండ్లకు పౌరులు బలయ్యారు. మన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక తండా నుంచి వెళ్లిన అగ్నివీర్ మే 9న, అంటే విరమణకు ముందు రోజు, నియంత్రణ రేఖ దగ్గర అమరుడయ్యాడు. మే 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్తాన్ డీజీఎంవో మన డీజీఎంవోకు ఫోన్ చేశారు, గంటన్నరలోపే విరమణ అమలు కావలసి వచ్చింది. ఆ రాత్రి ఉల్లంఘన జరిగిందని మన విదేశాంగ కార్యదర్శి స్పష్టంగా చెప్పారు, దాన్ని నేను కాదనడం లేదు. అయితే ఆజ్ఞ కొండ మీది చివరి పోస్టు దాకా చేరడానికి ఎంత సమయం పడుతుందో సిగ్నల్స్‌లో పనిచేసినవారికి తెలుసు కనుక, మొదటి రాత్రిని బట్టి తీర్పు చెప్పను. మే 12న అదే హాట్‌లైన్ మీద ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం నాకు ఎక్కువ ముఖ్యం.

మీరు గమనించదలచుకుంటే ప్రకటనలకంటే వీటిని చూడండి: రెండు సైన్యాల బ్రిగేడ్ స్థాయి అధికారులు పూంచ్ దగ్గరి చకన్-దా-బాగ్‌లో ముఖాముఖి మాట్లాడుకునే ఫ్లాగ్ మీటింగ్ జరుపుకుంటున్నారా, పండుగలకు మిఠాయిలు చేతులు మారుతున్నాయా, ఏదైనా పోస్టులో నిర్మాణం మొదలైతే అవతలివారు ముందు హాట్‌లైన్ మీద అడుగుతున్నారా లేక కాలుస్తున్నారా. 2003 తరువాత మాకు ఏ వారం నిద్ర పడుతుందో వీటిని బట్టే తెలిసేది.